పైథాన్ ల్యాబ్ ఎగ్జామ్‌కు ముందు: నెస్టెడ్ (ఒకదాని లోపల ఇంకొకటి ఉన్న) లిస్టులు, డిక్షనరీలతో జాగ్రత్తలు

హన్మకొండ, కాజీపేట పిల్లలూ, ల్యాబ్ ఎగ్జామ్‌లో సిస్టమ్ ముందు కూర్చునే ముందు ఇవి చూసుకోండి.

• కాపీ. ఎనుమాముల మార్కెట్ ధరల డిక్షనరీ ఉందనుకోండి: పత్తికి ఒక లిస్టు, మిర్చికి ఒక లిస్టు. దాన్ని కాపీ మెథడ్‌తో తీసుకుని, కొత్తదాంట్లో మిర్చికి ఇంకో ధర అపెండ్ చేస్తే పాతదాంట్లోనూ చేరుతుంది. పై పొర మాత్రమే కొత్తది, లోపలి లిస్టు రెండింటికీ ఒకటే. ఎర్రర్ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. అందుకే దీన్ని మొదట పెట్టాను. లోపలి లిస్టులను కూడా కొత్తగా చేసే డీప్‌కాపీ కాపీ మాడ్యూల్‌లో ఉంది, అది వాడండి.

• సున్నాల వరుసను స్టార్ గుర్తుతో మూడుసార్లు గుణించి మ్యాట్రిక్స్ చేయకండి. మూడూ ఒకే వరుస. ఒక గడి మారిస్తే మూడింట్లోనూ మారుతుంది. ప్రతి వరుసనూ విడిగా తయారుచేసేలా లిస్ట్ కాంప్రహెన్షన్ (బ్రాకెట్లలోనే ఫర్ లూప్) రాయండి.

• కీ ఇచ్చి విలువ తీసుకునే గెట్ మెథడ్‌ను ఒకదాని వెంట ఒకటి రాస్తే మొదటిదానికి ఖాళీ డిక్షనరీని డిఫాల్ట్‌గా ఇవ్వండి. లేదంటే కీ దొరకనప్పుడు నన్ (None, అంటే విలువ లేదని) వస్తుంది, రెండో గెట్ దగ్గర ప్రోగ్రామ్ ఆగుతుంది.

• లూప్ తిరుగుతుండగా అదే డిక్షనరీలోంచి కీ తీసేయొద్దు, రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది. ముందు కీలను లిస్టుగా మార్చుకుని దాని మీద తిరగండి.

• డిక్షనరీని జేసన్‌లో (JSON, డేటాను టెక్స్ట్‌గా దాచే పద్ధతి) దాచి మళ్లీ తెరిస్తే అంకెల కీలు స్ట్రింగులై వస్తాయి.