ఆటలోని బండికి అసలు డబ్బు పెట్టే ముందు వేసుకోవలసిన లెక్క

మా పిన్ని కొడుకు బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటూ తొలి ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తన ఫోను నా చేతికిచ్చి, "అన్నా, ఇది కొననా?" అని అడిగాడు. తెర మీద, అతను ఆడే ఆట దుకాణంలో, గుండ్రటి పీట మీద ఎర్రటి స్పోర్ట్స్ కారు నెమ్మదిగా తిరుగుతోంది. దాని పైకప్పు మీదుగా వెలుగు జారుతోంది. కింద పసుపుపచ్చ బటన్, పక్కన కొట్టివేసిన పాత ధర, పై మూలన "2 రోజుల 4 గంటలు" అంటూ తరిగిపోతున్న గడియారం ఉన్నాయి. వద్దని ఒక్క మాటలో చెప్పేయడం తేలికే. కానీ రోజూ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు క్యాబ్‌లో గంటన్నర కూర్చునే కుర్రవాడు, రాత్రిపూట స్నేహితులతో కలిసి తనకు నచ్చిన కారు నడుపుకోవాలని అనుకోవడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. సినిమాకు, బిర్యానీకి పెట్టినట్లే ఇదీ వినోదానికి పెట్టే ఖర్చు. అయితే సినిమా టికెట్టు ధర ఎంతో కౌంటరు దగ్గరే తెలుస్తుంది, ఇక్కడ అలా తెలియదు. ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చుని లెక్క తేల్చుకున్న తీరును ఇక్కడ రాస్తున్నాను.

మొదట ధరను కాగితం మీద రూపాయల్లో రాసుకోవాలి. ఆటల్లో ధరలు కాయిన్లు, యూసీలు, క్రెడిట్లు వంటి ఆట లోపలి నాణేల్లో ఉంటాయి కనుక ఎంత ఖర్చవుతోందో మనసుకు వెంటనే అందదు. ఉదాహరణకు కారు ధర 1,200 కాయిన్లనీ, దుకాణంలో దొరికేది 799 రూపాయలకు 800 కాయిన్ల ప్యాకు ఒక్కటేననీ అనుకుందాం. చూడడానికి కారు పన్నెండు వందల రూపాయలదిలా ఉంటుంది, కొనాలంటే మాత్రం రెండు ప్యాకులకు 1,598 రూపాయలు కట్టాలి. మిగిలిన 400 కాయిన్లతో మరో బండి రాదు కాబట్టి, అవి వృథా కాకూడదని కొన్నాళ్లకు మూడో ప్యాకు కొనే ప్రమాదం కూడా ఉంది. ధర డాలర్లలో ఉంటే కార్డు ఇచ్చిన బ్యాంకు వేసే విదేశీ మారకపు రుసుమునూ, దాని మీద పన్నునూ కలుపుకోవాలి.

తరువాత, ఆ డబ్బుకు చేతికి వచ్చేది ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. బీజీఎంఐ అనే మొబైల్ ఆటలో యూసీ ఖర్చు పెట్టి తెచ్చుకునే బండి స్కిన్, అంటే బండికి వేసే పైతొడుగు, రూపాన్నే మారుస్తుంది, వేగాన్ని పెంచదు. జీటీఏ ఆన్‌లైన్ అనే ఆటలో షార్క్ కార్డు కొంటే ఆటలో చెల్లే సొమ్ము వస్తుంది, దానితో కొనే బండి నిజంగానే వేరే బండి. స్టార్ సిటిజన్ సంగతి ఇంకా వేరు. 2012లో ఆటగాళ్ల నుంచి నిధుల సేకరణ మొదలుపెట్టిన ఆ ఆటలో, ఇంకా రూపకల్పన దశలోనే ఉన్న అంతరిక్ష నౌకలను కూడా అసలు డబ్బుకు అమ్ముతూ వచ్చారు. బొమ్మ చూసి ఎప్పుడో వచ్చే నౌకకు ఇప్పుడే డబ్బు కట్టడాన్ని నేనైతే ఎవరికీ సలహాగా ఇవ్వను.

మా తమ్ముడు అడిగినది స్కిన్ కనుక అతనికి ఒక చిన్న పని చెప్పాను. స్కిన్ ఆటలోని ఏదో ఒక రకం బండికే అతుకుతుంది, ఆ బండి మ్యాచ్‌లో దొరికితేనే అది పనికొస్తుంది. కాబట్టి వారం పాటు ఆడిన ప్రతి మ్యాచ్ తరువాత, ఏయే రకం బండ్లు దొరికాయో, వాటిలో ఆ రకం ఉంటే ఎంతసేపు నడిపాడో రాసుకోమన్నాను. నోటు పుస్తకం చివరి పేజీలో అతను గీసుకున్న గీతలు చూస్తే, 23 మ్యాచ్‌లలో ఆ బండి దొరికినవి 4, నడిపిన సమయం మొత్తం కలిపి 15 నిమిషాలు. రంగు మీది మోజులో ఈ విషయం అతనికి అంతవరకు తట్టనే లేదు. అన్ని సలహాల కంటే ఈ వారం రాత లెక్కే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

అదే బండిని ఆడి సంపాదించుకునే దారి ఉందేమో కూడా చూడాలి. జీటీఏ ఆన్‌లైన్‌లో క్యాసినో చక్రాన్ని రోజుకొకసారి ఉచితంగా తిప్పవచ్చు. ఆ చక్రంలో గెలుచుకోగలిగేలా వేదిక మీద పెట్టే బహుమతి కారు వారం వారం మారుతుంది. ఆడి సంపాదించే సొమ్ము రేటు కూడా స్థిరంగా ఉండదు. 2022 మార్చిలో గ్రాన్ టురిస్మో 7 అనే కార్ల ఆటలో రేసుల బహుమతులు తగ్గించినప్పుడు ఆటగాళ్లు గట్టిగా నిరసించడంతో, తయారీదారులు క్షమాపణ చెప్పి 10 లక్షల క్రెడిట్లు ఉచితంగా ఇచ్చారు, ఆ తరువాత బహుమతులనూ పెంచారు. ఆ మార్చిలోనే తొందరపడి క్రెడిట్లు కొన్నవారి కంటే నెల రోజులు ఆగినవారు లాభపడ్డారు.

బండిని నేరుగా ధర పెట్టి కాక లక్కీ స్పిన్‌లో, అంటే డబ్బు కట్టి చక్రం తిప్పి అదృష్టం ఉంటే గెలుచుకునేలా, పెడితే మరింత జాగ్రత్త అవసరం. ఒక్కసారి తిప్పితే వచ్చే అవకాశం నూటికి 2 అని రాసి ఉంటే, 50 సార్లు తిప్పితే తప్పక వస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క ప్రకారం 50 సార్లు తిప్పిన తరువాత కూడా నూటికి 36 మందికి అది రాదు. నాలుగేళ్ల క్రితం ఒక మొబైల్ రేసింగ్ ఆటలో నేనూ ఇలాగే మొదలుపెట్టాను. మొదటిసారి పది రూపాయలతో అయిపోయింది, తిప్పిన కొద్దీ ధర పెరిగింది, ఇంత పెట్టాక ఆగితే పెట్టినదంతా పోతుందనిపించి 4,200 రూపాయల దాకా వెళ్లాను. నీలం కారు వచ్చింది. తొమ్మిది నెలలకు ఆ ఆటనే మూసేశారు. నా దగ్గర ఇప్పుడు దాని స్క్రీన్‌షాటు ఒక్కటే ఉంది. అందుకే స్పిన్ అయితే, గరిష్ఠంగా ఎన్నిసార్లు తిప్పితే బండి ఖాయమని నిబంధనల్లో రాశారో చూసి, ఆ మొత్తాన్నే అసలు ధరగా రాసుకోవాలి. అలాంటి హామీ లేకపోతే ఆ చక్రం జోలికి పోకపోవడమే మంచిది.

ఆట ఎన్నాళ్లుంటుందన్నది కూడా ధరలో భాగమే. 2014లో వచ్చిన ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేయడంతో, డబ్బు పెట్టి కొన్నవారు సైతం దాన్ని ఆడలేకపోయారు. మరో కార్ల ఆట ఫోర్జా హొరైజన్ 4ను 2024 డిసెంబరులో అమ్మకం నుంచి తీసేసినా, అప్పటికే కొన్నవారు ఆడుకోగలుగుతున్నారు. సర్వరు లేకుండా ఆడగలమా లేదా అన్నదానిలోనే చాలావరకు ఈ తేడా ఉంది. పాత పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 ఆట యంత్రాల మీద జీటీఏ ఆన్‌లైన్‌కు షార్క్ కార్డుల అమ్మకాన్ని 2021 సెప్టెంబరులో ఆపి, డిసెంబరు 16న సర్వర్లు మూసేశారు. మనం కొనేది వాడుకునే అనుమతి మాత్రమే గనుక, అమ్మకాలు ఆగాయన్న కబురు, కొత్త అప్‌డేట్లు నెలల తరబడి రాకపోవడం వంటివి కనిపిస్తే డబ్బు పెట్టడం మానుకోవాలి.

ఇవన్నీ చూశాక కూడా కొనాలనే అనిపిస్తే, ఆట లోపలి దుకాణంలోనో, గూగుల్ ప్లే, యాప్ స్టోర్, స్టీమ్ వంటి చోట్లనో మాత్రమే కొనాలి. సగం ధరకే టాపప్ వేస్తామని టెలిగ్రామ్‌లో పలకరించేవారికి ఖాతా పాస్‌వర్డు గానీ, ఓటీపీ గానీ ఇవ్వకూడదు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. గూగుల్ ప్లేలో పొరపాటున కొన్నదానికి 48 గంటల లోపు రీఫండ్ అడగవచ్చు కాబట్టి రసీదు మెయిల్‌ను దాచుకోవాలి. కొనడం పూర్తికాగానే ఆటలో భద్రపరిచిన కార్డు వివరాలను తీసేయాలి. ఇంట్లో పిల్లలు అదే ఫోను వాడుతుంటే ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా ముందే పెట్టుకోవాలి.

మా తమ్ముడి ఎర్ర కారు గడువు అతను గీతలు గీసుకుంటున్న వారంలోనే ముగిసిపోయింది. తన లెక్కలో 23 మ్యాచ్‌లకు 14 సార్లు కనిపించిన మరో బండికి, స్పిన్ లేకుండా ధర కట్టి పెట్టిన ఆకుపచ్చ స్కిన్‌ను ఆ నెల జీతం వచ్చాక అతను కొనుక్కున్నాడు.