అనంతపురం పెరట్లో గోధుమలు: విశాఖ కార్తె దాటనివ్వకండి

అనంతపురంలో గోధుమలా అని మా వీధిలో అడగని మనిషి లేడు. పండుతాయి. ఇంటి వెనక పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న మడిలో మూడేళ్లుగా వేస్తున్నాం. కాకపోతే తేదీ తప్పితే ఏం చేసినా గింజ రాదు, అందుకే ముందు దాని గురించే చెబుతా.

గోధుమ పెరిగేటప్పుడు చలి ఉండాలి, గింజ పాలు పోసుకునేటప్పుడు ఎండ ముదరకూడదు. మన దగ్గర ఆ చలి ఫిబ్రవరి సగం దాకానే, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాబట్టి విశాఖ కార్తెలోనే, అంటే నవంబర్ 6 నుంచి 19 లోపల, విత్తనం మట్టిలో పడాలి. మొదటి ఏడాది మేము డిసెంబర్ మధ్యలో వేశాం. పైరు పచ్చగా కళకళలాడింది, కంకులూ వచ్చాయి, తీరా నలిపి చూస్తే జీలకర్ర లాగా ముడుచుకుపోయిన గింజలు. మా అమ్మ వాటిని చేటలో పోసుకుని చాలాసేపు అలా చూస్తూ కూర్చుంది.

విత్తనం: కిరాణా కొట్టు గోధుమలు మొలుస్తాయి గానీ అవి ఏ రకమో, ఎన్ని రోజులకు వస్తాయో తెలియదు. పక్కన కర్ణాటకలో పండే రకాలు మన వాతావరణానికి దగ్గర. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన యూఏఎస్ 304 మామూలు గోధుమ, డీడీకే 1029 ఖప్లీ గోధుమ, అక్కడ జవె గోధి అంటారు. ఖప్లీ ఎండకు, తుప్పు తెగులుకు బాగా ఓర్చుకుంటుంది, కానీ కంకి కొట్టినా పొట్టు ఊడదు, వడ్లలాగా రోట్లో వేసి దంచుకోవాల్సిందే. ఆ ఓపిక లేకపోతే మామూలు గోధుమే వేసుకోండి. ఏది తెచ్చినా ముందు 20 గింజలు తడిగుడ్డలో కట్టి చూడండి, 16కు తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు.

మన పదడుగుల మడికి 120 గ్రాములు చాలు, పొట్టుతో ఉన్న ఖప్లీ అయితే ఇంకో గుప్పెడు. రెండు గంపల బాగా మాగిన పశువుల ఎరువు కలిపి తవ్వండి, పచ్చి పేడ వేస్తే చెదలు పిలిచినట్టే వస్తాయి. నిండా తడి పెట్టి, మట్టి బురదగా లేకుండా పొడిపొడిగా విరిగే పదును వచ్చాక సాలుకు సాలుకు జానెడు దూరంలో, రెండంగుళాల లోతులో గింజలు పెట్టండి. చేత్తో వెదజల్లితే తర్వాత కలుపు తీయడం నరకం.

ఇక నీళ్లు. విత్తిన 21వ రోజు తడి మాత్రం ఏ పని ఉన్నా మానొద్దు. అప్పుడే మొక్క మొదట్లోంచి అసలు వేర్లు దిగుతాయి, పిలకలు వేసేది కూడా అప్పుడే, ఆ వారం మట్టి ఎండితే ఒక్కో మొక్కకు ఒకటో రెండో కంకులు వచ్చి ఊరుకుంటాయి, తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ లోటు పూడదు. ఆ పైన మన ఎర్రనేలల్లో ఎనిమిది పది రోజులకో తడి, కర్నూలు వైపు నల్లరేగడి అయితే పదిహేను రోజులకొకటి సరిపోతుంది. కంకి ఇంకా బయటికి రాకుండా ఆకు మడతలో ఉబ్బే పొట్ట దశలో, గింజ పాలు పోసుకునే పాల దశలో మాత్రం మట్టి ఎండనివ్వకండి. కలుపు మొదటి నెలన్నరలో రెండుసార్లు తీస్తే చాలు, తర్వాత పైరే కమ్మేస్తుంది.

కంకుల మీద పేనుబంక కనిపిస్తే నీళ్లు గట్టిగా కొట్టండి, ఎక్కువైతే వేపనూనె పిచికారీ చేయండి. అసలు టెన్షన్ పక్షులతోనే. గింజ పాలు పోసుకోగానే పిచ్చుకలు, చిలుకలు దిగుతాయి, చిన్న మడి కాబట్టి రెండు రోజుల్లో ఖాళీ చేస్తాయి. కంకి తొంగిచూసిన రోజే వల కప్పండి.

ఫిబ్రవరి చివర్లో గడ్డి పసుపెక్కి, గింజ పంటికింద టక్కుమంటే కోతకు వచ్చినట్టు. పొద్దున్నే చల్లటి పూట కోయండి, మధ్యాహ్నం కోస్తే గింజ రాలుతుంది. రెండు రోజులు ఎండబెట్టి, గోనెసంచిలో వేసి కర్రతో కొట్టి, గాలికి తూర్పార పట్టుకోవడమే. అన్నీ కుదిరిన ఏడాది మాకు రెండు కిలోలు దాకా వచ్చాయి, అంటే అరవై పుల్కాలు.

పిండి మిషన్‌కు తీసుకెళ్లేటప్పుడు పొద్దున తెరవగానే వెళ్లకండి, రాత్రి ఆడిన జొన్నపిండి రాళ్లలో మిగిలి ఉంటుంది. ఎవరైనా గోధుమలు ఆడించుకున్న వెంటనే మనవి పోయించుకుంటే జొన్న కలవకుండా గోధుమపిండే వస్తుంది. వచ్చే ఏటి విత్తనానికి మాత్రం పావు కిలో ముందే తీసి, వేపాకు వేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి.