రాతప్రతి భద్రత – నాలుగో పాఠం: తాళం వేయాల్సింది ఎక్కడ?

ఎడిటర్‌కు రాతప్రతి మొత్తం ఒకేసారి ఇవ్వకండి, ముందు పది పేజీలు దిద్దించి చూడండి, పని కుదిరాక ఒప్పందం కాగితం మీద పెట్టుకోండి అని మూడో పాఠంలో రాశాను. ఆ తరవాత వచ్చిన ఉత్తరాలు చదివాక, ఈ వారం చెప్పదలచుకున్న పారితోషికం సంగతి పక్కన పెట్టాను. ముందు వీటిని తేల్చాలి.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక నవలా రచయిత్రి తన రాతప్రతిని తాళం వేసిన పీడీఎఫ్‌గా మార్చి, ప్రతి పేజీకీ అడ్డంగా తన పేరు వేయించి ఎడిటర్‌కు పంపారు. పేరు పడినచోట వాక్యం చదవలేరు, చదివినచోట దిద్దలేరు. ఆయన మర్యాదగా వెనక్కి పంపేశారు. పటమట నుంచి ఇంకొకరు పది పేజీల పరీక్ష అయ్యాక కూడా చివరి మూడు అధ్యాయాలు దాచుకున్నారు. కథ ముగింపు తెలియని ఎడిటర్, పాత్రల్లో పొంతన లేదని రాస్తే నొచ్చుకున్నారు. పని ఒప్పుకున్న ఎడిటర్‌కు రచన మొత్తం ఇవ్వాలి, దిద్దడానికి వీలైన రూపంలో ఇవ్వాలి. అందులో బేరం లేదు.

అన్నిటికంటే నన్ను కష్టపెట్టింది కవరు ఉత్తరాలు. రాతప్రతిని కవర్లో పెట్టి, అంటించి, తమ చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని, విప్పకుండా బీరువాలో దాచామని చాలామంది రాశారు. ఎవరో పెద్దవారు చెప్పారట. ఈ సలహా తరాలుగా తిరుగుతోంది కాబట్టి నిదానంగా చెబుతాను. తపాలా ముద్ర కవరు మీద పడుతుంది, లోపలి కాగితాల మీద పడదు. ఆ రోజు ఒక కవరు ప్రయాణం చేసిందని మాత్రమే అది చెబుతుంది. ఖాళీ కవరును అంటించకుండా పంపుకుని, ఏడాది తరవాత కాగితాలు పెట్టి అంటించినా బయటికి తేడా తెలియదు. అవతలి వకీలు వేసే మొదటి ప్రశ్న ఇదే. పైగా దాన్ని ఒకసారే విప్పగలరు. మీరు తరవాత రాసిన మార్పులకు అది ఏ సాక్ష్యమూ ఇవ్వదు. మన కాపీరైట్ చట్టంలో ఇలాంటి కవరుకు ప్రత్యేకమైన విలువ ఏమీ లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కూడా. ఆ ఖర్చుకు ఇంకొంచెం కలిపితే అసలైన పనే అవుతుంది.

ఆ పని ఏమిటంటే: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రాసిన క్షణం నుంచే హక్కు మీది. మీ జీవితకాలం, ఆ తరవాత 60 ఏళ్లు అది ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా అచ్చుకాని రచనను కూడా ఢిల్లీలోని కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు, సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. డైరీ నంబరు (దరఖాస్తు గుర్తింపు సంఖ్య) ఇచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. నమోదైతే, ఎవరైనా తప్పని రుజువు చేసేదాకా న్యాయస్థానం ఆ వివరాలను సాక్ష్యంగా తీసుకుంటుంది. ఒక్క జాగ్రత్త: రక్షణ రాసిన రూపానికే, కథాంశానికి కాదు. 1978లో నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఫోనులో కథంతా చెప్పే అలవాటు మానండి, రాసినది పంపండి.

నమోదు దాకా వెళ్లే ఓపిక లేనివారు చిత్తుప్రతులు పారేయకుండా ఉంటే చాలావరకు గట్టెక్కుతారు. కొట్టివేతలున్న నోటుపుస్తకం, అంచున మార్చిన పాత్ర పేరు, సగంలో వదిలేసిన అధ్యాయం కాపీ కొట్టినవాడి దగ్గర ఉండవు. నేనైతే అధ్యాయం పూర్తయిన ప్రతిసారీ ఫైలు పేరులో తేదీ వేసి, నాకు నేనే ఈమెయిల్ చేసుకుంటాను. ఎడిటర్‌కు పంపేదీ అదే ఈమెయిల్ నుంచే. వాట్సాప్‌లో పంపను. ఒక్క వేలి తాకిడితో ఇంకొకరికి చేరిపోయే చోట రాతప్రతి ఉండకూడదని నా పట్టుదల.

ఇక ఒప్పందం. ఒక పాఠకుడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించిన ఒప్పందం ఫొటో పంపారు. ఏదో ప్రచురణ ఒప్పందం చూసి దించారని తెలుస్తూనే ఉంది. నాలుగో పేరాలో ‘పై రచనకు సంబంధించిన సర్వహక్కులు రెండవ పార్టీకి చెందును’ అని ఉంది. రెండవ పార్టీ ఎవరు? ఎడిటర్! స్వతంత్రంగా పనిచేసే ఎడిటర్ భాష దిద్దినంత మాత్రాన రచనపై హక్కుదారు కారు. హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఈయన ఆ రాతా, ఆ సంతకమూ తన చేతులతో తానే సమకూర్చారు. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే దేశమంతా అని అదే సెక్షన్ లెక్క వేస్తుంది. వెంటనే రద్దు చేసుకుని కొత్తది రాసుకోమని చెప్పాను. అరపేజీ చాలు: రచన పేరు, చేయాల్సిన పని, గడువు, డబ్బు, హక్కులన్నీ రచయితవే అన్న వాక్యం, ఇతరులకు చూపకూడదు, పని ముగిశాక ప్రతులు తీసేయాలి అన్న వాక్యం. ఎడిటర్ కొన్ని అధ్యాయాలు సొంతంగా తిరగరాస్తానంటే మాత్రం, తిరగరాసిన భాగం హక్కు కూడా మీకే చెందుతుందని విడిగా రాయించుకుని సంతకం తీసుకోండి.

ఇంత భయం ఎడిటర్ మీద పెట్టుకున్నవారు డీటీపీ సెంటర్ దగ్గర ఏం చేస్తున్నారో చూడండి. గవర్నరుపేటలోనో అరండల్‌పేటలోనో పెన్‌డ్రైవ్ ఇచ్చేసి టీకి వెళతారు. ఆపరేటర్ ఫైలును డెస్క్‌టాప్ మీదికి దించుకుంటాడు. అక్కడ పెళ్లిపత్రికల పక్కన, కరపత్రాల పక్కన మీ పేరుతో ఒక ఫోల్డర్ ఏళ్ల తరబడి ఉంటుంది. మొదటి ప్రూఫు కాగితాల వెనకవైపు ఇంకొకరి చిత్తుప్రింటు పడుతుంది. ఒక సెంటర్లో అలాంటి కాగితం తిప్పి చూస్తే నాకు పరిచయమున్న రచయిత కథ ముగింపు కనిపించింది. అది అప్పటికి ఒక వారపత్రిక పోటీలో పరిశీలనలో ఉంది. ఎక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రం ఇచ్చిన కథ ఎవరి ఫేస్‌బుక్‌లోనైనా తేలితే పోయేది మీ బహుమతే. పక్కనే కూర్చుని టైపు చేయించుకోండి, ప్రూఫులన్నీ వెనక్కి తెచ్చుకోండి, ఫోల్డర్ తీసేయించి చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించండి. డీటీపీవాళ్లు వాడే పాత తరహా అను ఫాంటుల్లో టైపయితే, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. మార్పించాక ఒత్తులు చెదిరాయేమో చూసుకోవాలి. అప్పుడు ఎడిటర్ వర్డ్‌లో మార్పులను గుర్తుపెట్టే ట్రాక్ ఛేంజెస్‌తో దిద్దితే ఏ మార్పు ఎవరిదో ఫైలులోనే నమోదవుతుంది. మార్పించాక ఒత్తులు చెదిరాయేమో చూసుకోవాలి.

అభ్యాసం: ఒక నోటుపుస్తకంలో తేదీ, ఎవరికి, ఏ రూపంలో, తిరిగి వచ్చిందా అని నాలుగు గడులు గీయండి. మీ రాతప్రతి ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గరికి వెళ్లిందో అన్నీ రాయండి: ముందుమాట కోసం ఇచ్చిన జిరాక్సు, చదివి చెప్పమని బావగారికి పంపిన ఫైలు, డీటీపీ సెంటర్, పోటీలకు పంపిన ప్రతులు. తరవాత ఒక్కొక్కరికీ ఫోను చేసి చివరి గడి నింపండి. పెద్దవారిని అడగడానికి మొహమాటపడతారని తెలుసు. ‘కొత్త ప్రతి సిద్ధమైందండీ, పాతది తీసుకుంటాను’ అంటే ఎవరూ నొచ్చుకోరు. ఆ గడి నిండనివారు ఐదో పాఠం దాకా ఎడిటర్‌కు పూర్తి ప్రతి పంపకండి.