జామెట్రీ బాక్సు డివైడర్‌తో మొదలుపెట్టండి

వరంగల్‌లో నా దగ్గరికొచ్చే మెడికోలు అడిగేది ఒకటే: “సార్, గుండె లయ జబ్బుల వైపు రావాలంటే ఏం చేయాలి?”

దారి పొడుగే. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎండీ జనరల్ మెడిసిన్ 3, డీఎం కార్డియాలజీ 3, ఆపైన ఎలక్ట్రోఫిజియాలజీ (గుండె విద్యుత్తు, లయల చదువు) ఫెలోషిప్. పెళ్లిచూపుల్లో ఈ లెక్క చెప్పకండి.

ముందు చెయ్యి ఈసీజీకి అలవాటు పడాలి. డివైడర్ రెండు మొనలూ పక్కపక్క ఆర్ శిఖరాల (ఒక్కో బీట్‌లో పైకి లేచే పదునైన మొన) మీద పెట్టి, అదే దూరంతో కాగితం మీద నడిపించండి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు జరుగుతుంది, పెద్ద గడి 0.2 సెకను. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, అంటే గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బులో, మొనలు ఎక్కడా కుదరవు, ఆర్ ముందు వచ్చే చిన్న గుట్ట, పీ తరంగం, కనిపించదు. అప్పుడు 30 పెద్ద గడుల్లోని బీట్లు లెక్కపెట్టి పదితో గుణించండి, నిమిషానికి గుండె వేగం వస్తుంది.

పీజీ మొదటి ఏడాది నైట్ డ్యూటీలో నేనిది చేయలేదు. నర్సంపేట నుంచొచ్చిన ఓ పెద్దమ్మ “గుండె దడదడ కొట్టుకుంటాంది బిడ్డా” అంటే, మెషీన్ ప్రింట్ చేసిన ‘నార్మల్’ చూసి పడుకోమన్నాను. పొద్దున మా సార్ ఆమె మణికట్టు పట్టుకుని నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చేతిని తీసి అక్కడ పెట్టారు.

పాఠాలు చెప్పే కొలువు కావాలంటే థీసిస్‌ను తంతులా చేయకండి. మీ వార్డులో రోజూ కనిపించే జబ్బు మీదే ప్రశ్న ఎంచుకోండి. మంచి ఈసీజీలు పేషెంట్ పేరు కత్తిరించి దాచుకోండి. థర్మల్ కాగితం వెలిసిపోతుంది, కాబట్టి అదే రోజు స్కాన్ చేయండి.