పాత కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్: చెన్నైలో దరఖాస్తు విధానం

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు, పెద్ద మార్పులేవీ చేయకుండా ఉంటే, బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష 2018 మే నుంచి అక్కర్లేదు. మన పద్ధతి వేరు. సొంత కారుకు మొదటి 15 ఏళ్లు గడిచాక ఐదేళ్లకోసారి ఫారం 25 పెట్టి, బండి చూపించి ఆర్‌సీ రెన్యూవల్ చేయించాలి. 50 ఏళ్లు నిండిన టూవీలర్లకు, కార్లకు 2021 జులైలో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. దీన్ని తనిఖీ నుంచి మినహాయింపు అనుకోవద్దు. కమిటీ బండిని చూసి సరేనంటేనే నమోదు.

అసలు వింటేజ్ కావాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. ఆ ముద్ర పడ్డాక ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే బండి రోడ్డెక్కాలి. రోజూ వాడకూడదు, పెళ్లిళ్లకు అద్దెకివ్వకూడదు. ఆదివారాలు మెరీనా దాకా తిప్పాలనుకుంటే మామూలు రెన్యూవలే మేలు. 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు, బైకుకు 2,000. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. వింటేజ్‌కు మొదట 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ నమోదుకు 5,000.

కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20 నింపి ఇన్సూరెన్స్, పాత ఆర్‌సీ జతచేయాలి. దిగుమతి బండికి బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా కావాలి. అన్నీ సరిగా ఉంటే 60 రోజుల్లో ఫారం 23ఏలో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబరైతే టీఎన్ తర్వాత వీఏ వస్తుంది.

కాగితాల దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ఆర్‌సీ ఇంకా చనిపోయిన తాతగారి పేరునే ఉంటే, ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. మూడక్షరాల పాత నంబరు ఆన్‌లైన్‌లో కనబడకపోతే, అది రిజిస్టరైన ఆర్‌టీఓలో బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డును ఆన్‌లైన్‌లోకి ఎక్కించడం, చేయించాలి. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో తెచ్చుకున్న బండికి ఆ ఎంట్రీ అక్కడే అవ్వాలి. తర్వాత ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా అక్కడి నుంచే తేవాలి.

తర్వాతి చిక్కు ఛాసిస్ నంబరు. దాని పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) అడుగుతారు. నంబరు మీద పెయింటు పొరలు పేరుకుని ఉంటే పెయింట్ రిమూవర్ రాసి, మెత్తని గుడ్డతో తుడవండి. గ్రైండర్ పెట్టారో అంకెల అంచులు అరిగిపోయి, మళ్లీ పంచ్ చేశారన్న అనుమానం వస్తుంది. పాత విడిభాగాలు అమ్మే పుదుప్పేటలో దొరికిన డీజిల్ ఇంజిన్ బిగించిన అంబాసిడర్‌కు వింటేజ్ రాదు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి.

తనిఖీకి ముందు బండి కింద చూడాల్సింది బ్రేకులు. ఆనాటి చాలా కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే హైడ్రాలిక్ లైన్. ఒక్క రబ్బరు హోసు పగిలితే పెడల్ నేలకు తాకుతుంది. హోసు బయటికి బాగున్నా లోపల ఉబ్బి ఉండొచ్చు. కాలు తీశాక కూడా చక్రం పట్టేసినట్టుంటే గుర్తు అదే. హోసులన్నీ ఒకేసారి మార్చి, కొత్త ఫ్లూయిడ్ పోయించండి. పాత ఫ్లూయిడ్‌లో చేరిన నీరు వీల్ సిలిండర్‌ను తినేస్తుంది. సముద్రపు గాలికి జాకీ పెట్టే చోటు, ఫ్లోరు తుప్పుపడతాయి కనుక కార్పెట్ ఎత్తి చూడండి. ఏటా పరీక్ష లేని మన దగ్గర ఈ పని ఏటా ఓనరే చేయించుకోవాలని మా గట్టి అభిప్రాయం.

పొగ పరీక్షలో పాత పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం మించకూడదు. మించితే ముందు చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేందుకు పెట్రోలు పాలు పెంచేది) పూర్తిగా వెనక్కి వెళ్తోందో లేదో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూసి, ఆ తర్వాతే గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే కార్బ్యురేటర్ మిక్చర్ స్క్రూ జోలికి వెళ్లండి. ఇంజిన్ బాగా వేడెక్కాకే పరీక్షకు పెట్టండి. ఈ బండ్లకు పొగ పరీక్ష సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది.