ఆర్కేడ్ స్టిక్ పనిచేయట్లేదా? కొత్త బోర్డు ఆర్డర్ పెట్టే ముందు ఇవి చూడండి

ఆర్కేడ్ స్టిక్, అంటే గేమ్‌లు ఆడటానికి జాయ్‌స్టిక్, బటన్లు బిగించిన డబ్బా, ఆగిపోగానే చాలామంది చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో కొత్త బోర్డు (ఏ బటన్ నొక్కామో కంప్యూటర్‌కి చెప్పే సర్క్యూట్) ఆర్డర్ పెట్టడం. తొందరపడకండి. బోర్డు పోవడం ఉంటుంది గానీ అది అరుదు. "ఇది చచ్చిపోయింది బ్రో" అని నా దగ్గరికి వచ్చే డబ్బాల్లో ఎక్కువ వాటికి జబ్బు కేబుల్‌లోనో, ఏదో ఒక లూజ్ కాంటాక్ట్‌లోనో, అదీ కాకపోతే విండోస్ సెట్టింగ్‌లోనో ఉంటుంది.

నేను ముఖ్యంగా జీరో డిలే బోర్డు పెట్టి ఇంట్లో చేసుకున్న స్టిక్‌ల గురించి చెబుతున్నా. ప్లైవుడ్ డబ్బాకి కన్నాలు కొట్టి సొంతంగా చేసుకునేవాళ్లలో ఎక్కువమంది కొనేది ఆ బోర్డే, చవక కాబట్టి. కంపెనీ స్టిక్ అయినా, రాస్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డులో జీపీ2040-సీఈ అనే ఫర్మ్‌వేర్ (బోర్డుని నడిపే ప్రోగ్రామ్) ఎక్కించుకున్నదైనా లోపల జరిగేది మాత్రం ఒకటే. కంప్యూటర్ నుంచి 5 వోల్టులు వస్తాయి, బోర్డు లేస్తుంది, బటన్ నొక్కితే ఒక సిగ్నల్ వైరు గ్రౌండ్‌కి తగులుతుంది, ఆ సంగతి బోర్డు కంప్యూటర్‌కి చెబుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగిందో కంప్యూటర్ వైపు నుంచి మొదలుపెట్టి వెతుక్కుంటూ రావాలి. బటన్ల వైపు నుంచి మొదలుపెడితే సాయంత్రమంతా దానికే పోతుంది.

అసలు లైటే రాకపోతే

ముందు పోర్ట్ మార్చండి. సీపీయూ డబ్బా ముందు వైపు పోర్ట్‌లు లోపల ఒక సన్నటి వైరుతో మదర్‌బోర్డుకి కలుస్తాయి, ఆ వైరే వదులుగా ఉండొచ్చు. అందుకే వెనక వైపు, నేరుగా మదర్‌బోర్డు మీద ఉన్న పోర్ట్‌లో పెట్టి చూడండి. మధ్యలో హబ్ ఉంటే తీసేయండి. పోర్ట్ బాగుందో లేదో తెలియాలంటే అందులో మౌస్ పెట్టి చూస్తే చాలు.

పోర్ట్ బాగుంటే తర్వాత కేబుల్. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు వైర్లు ఉంటాయి: ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు, ఆకుపచ్చ డేటాకి. చవక కేబుళ్లలో ఈ రంగులు పాటిస్తారన్న గ్యారంటీ లేదు, కాబట్టి రంగు చూసి నమ్మకుండా మల్టీమీటర్‌తో కొలవండి. బోర్డు దగ్గర తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ వెనక నుంచి మీటర్ మొనలు తాకించి డీసీ వోల్టులు చూస్తే 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. సున్నా వస్తే కేబుల్ తెగింది. అక్కడ సరిగ్గా వస్తున్నా బోర్డు మీద లైటు రాకపోతే అప్పుడు బోర్డుని అనుమానించొచ్చు. కానీ దానికి ముందు బటన్ల వైర్లు, స్టిక్ వైరు అన్నీ పీకేసి ఒట్టి బోర్డుని పెట్టి చూడండి. ఎక్కడో షార్ట్ అయి అదే బోర్డుని లేవనీయకపోవచ్చు. ముఖ్యంగా ఇనప రేకు డబ్బాలో బోర్డుని నేరుగా స్క్రూలతో బిగిస్తే అడుగున ఉన్న సోల్డర్ మొనలు రేకుకి తగులుతాయి. కింద ప్లాస్టిక్ వాషర్లు పెట్టండి. అవి లేకపోతే మందపాటి ఇన్సులేషన్ టేప్ అయినా వేయండి.

లైటు వస్తుంది, కంప్యూటర్ మాత్రం గుర్తుపట్టదు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. లైటు వెలగడానికి ఎరుపు, నలుపు వైర్లు రెండూ బాగుంటే చాలు. కంప్యూటర్‌తో మాట్లాడటానికి మిగతా రెండూ కావాలి. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో ఆ రెండు వైర్లు అసలు ఉండవు, చార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు. పికో బోర్డు వాడేవాళ్లు డ్రాయర్‌లో దొరికిన ఏదో ఒక మైక్రో యూఎస్‌బీ కేబుల్ పెట్టేసి రోజంతా ఫర్మ్‌వేర్‌ని తిట్టుకుంటుంటారు. అదే కేబుల్‌తో ఫోన్‌లోంచి ఫొటోలు కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి. కాపీ అయితే కేబుల్ బాగున్నట్టు.

కేబుల్ మంచిదే అయితే విండోస్ ఏమంటుందో చూద్దాం. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది. మీ స్టిక్ పేరు అక్కడ ఉంటే కంప్యూటర్ గుర్తుపట్టినట్టే. పేరు ఏదో చైనా కంపెనీదిలా వింతగా ఉంటే కంగారు అక్కర్లేదు. లైనక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) అన్న కమాండ్ కొడితే జీరో డిలే బోర్డు సాధారణంగా డ్రాగన్‌రైజ్ అని, 0079:0006 అన్న నంబర్‌తో కనిపిస్తుంది.

జాబితాలో లేదు, పైగా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 43 అని ఉందా? అంటే పవర్ అందుతోంది గానీ మాట సరిగ్గా అందట్లేదు. డేటా వైర్లు రెండూ తారుమారు అయినా, ఒకటి తెగినా ఇలాగే వస్తుంది. పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు వాడేవాళ్లకి కూడా వస్తుంది. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. సోఫాలో కూర్చుని ఆడదామని రెండు మూడు కేబుళ్లు ముడేస్తే ఇంతే సంగతులు. ఇంకొకటి, విండోస్‌లో షట్‌డౌన్ కొట్టినా ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే సిస్టమ్ పూర్తిగా ఆగినట్టు కాదు. అందుకని షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టి చూడండి.

ఆడుతుండగా మధ్యలో పోయి మళ్లీ వస్తుంది

యూఎస్‌బీ ఊడినప్పుడు విండోస్ చేసే ఆ టింగ్‌మనే శబ్దం వినే ఉంటారు. మంచి కాంబో మధ్యలో ఉండగా వస్తే ఒళ్లు మండిపోతుంది.

జాయ్ డాట్ సీపీఎల్‌లో మీ స్టిక్ ప్రాపర్టీస్ తెరిచి పెట్టుకుని, ఒక చేత్తో కేబుల్‌ని మొదటి నుంచి చివరి దాకా కొంచెం కొంచెంగా వంచుతూ రండి. ఒక చోట వంచగానే శబ్దం వచ్చిందంటే తప్పు అక్కడే. సాధారణంగా అది కేబుల్ డబ్బాలోంచి బయటికి వచ్చే కన్నం దగ్గరే దొరుకుతుంది, ఎందుకంటే ఎవరైనా తట్టుకుని లాగినప్పుడల్లా ఆ బరువంతా బోర్డు మీది చిన్న కనెక్టర్ మీద పడుతుంది. కన్నానికి లోపలి వైపు కేబుల్‌కి ఒక జిప్ టై గట్టిగా బిగించండి, ఇక లాగినా లాగుడు బోర్డు దాకా పోదు.

కేబుల్ ఎంత వంచినా ఏమీ కాకపోతే విండోస్ కరెంటు పొదుపు చూడండి. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ వరుసే కనిపించదు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపొచ్చు అన్న టిక్ తీసేయండి. కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తేనే స్టిక్ పోతుంది, ఆడుతున్నంతసేపూ బాగుంటుంది అంటే దాదాపు ఇదే కారణం.

లైట్ల బటన్లు పెట్టినవాళ్లకి వేరే సమస్య. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు. ఒక్కో ఎల్ఈడీ 20 మిల్లీ ఆంపియర్లు లాగితే ఇద్దరు ఆటగాళ్ల ప్యానెల్‌లో ఇరవై బటన్లకే 400 అయిపోతుంది. ఆపైన పవర్ లేని హబ్‌లో ఇంకో బోర్డు, పెన్ డ్రైవ్ కూడా పెడితే అన్నీ కలిసి ఒకేసారి ఆరిపోతాయి. లైట్లకి విడిగా 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. లైట్లు మరీ మసగ్గా ఉంటే అవి 12 వోల్టులవేమో చూసుకోండి, 5 వోల్టులకి అవి అంతకంటే వెలగవు. రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌తో ఆర్కేడ్ క్యాబినెట్ చేసినవాళ్లు స్క్రీన్ మూల మెరుపు గుర్తు వస్తోందా చూడండి. వస్తే ఆ రాస్‌బెర్రీ పైకే కరెంటు చాలట్లేదని అర్థం. దానికి 5 వోల్టులు 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి, ఫోన్ చార్జర్‌తో సరిపెట్టకండి.

మన ఇళ్లలో మాత్రమే కాదు గానీ మన ఇళ్లలో బాగా కనిపించే తలనొప్పి ఎర్తింగ్. రేకు ప్యానెల్ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా? పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్ పాయింట్ ఉంటుంది గానీ మూడో కన్నం వెనక ఎర్త్ వైరే ఉండదు. చవక ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లోనూ అంతే. ఎర్త్ లేకపోతే కంప్యూటర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ నుంచి సన్నటి లీకేజీ సీపీయూ డబ్బాకి చేరి, యూఎస్‌బీ గ్రౌండ్ మీదుగా మీ ప్యానెల్ దాకా వస్తుంది. స్టిక్ ఊరికే డిస్‌కనెక్ట్ అవడానికి అదీ ఒక కారణం కావచ్చు. కానీ ఆ జివ్వుమనడం వెనక నిజమైన షాక్ కొట్టే లోపం కూడా ఉండొచ్చు కాబట్టి "కొంచెమేలే" అని వదిలేయకండి. ఆట ఆపేసి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకున్నాకే మళ్లీ ముట్టుకోండి.

వైర్‌లెస్ స్టిక్ అయితే, డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రిసీవర్) యూఎస్‌బీ 3.0 పోర్ట్‌లో ఉందా చూడండి. ఆ పోర్ట్‌ల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని పాడుచేస్తుందని 2012లోనే ఇంటెల్ వాళ్లు రాశారు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని దూరం జరిపితే చాలు.

ఒకటో రెండో బటన్లే మొరాయిస్తున్నాయి

ఇక డబ్బా తెరవాలి. తెరవగానే ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.

పనిచేయని బటన్ వైరుని తీసి, పనిచేస్తున్న బటన్ వైరుతో మార్చండి. తప్పు బటన్‌తో పాటే ఉండిపోతే స్విచ్ పోయింది, వైరుతో పాటు వెళ్తే వైరో బోర్డో. బోర్డు మీద ఆ వైరు పెట్టే రెండు పిన్నులనీ ఒక చిన్న తీగ ముక్కతో కలిపితే జాయ్ డాట్ సీపీఎల్‌లో ఆ అంకె వెలగాలి. వెలిగితే బోర్డుకి ఏమీ కాలేదు, వైరే పాడైంది.

వైరులో తప్పు ఎలా దాక్కుంటుందంటే, క్రింప్ చేసిన చోట, అంటే వైరు చివర టెర్మినల్ అనే లోహపు క్లిప్‌ని నొక్కి బిగించిన చోట, పళ్లు రాగి తీగని కాకుండా పైనున్న ప్లాస్టిక్‌ని కరిచి ఉంటాయి. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, లాగినా ఊడదు, కానీ కరెంటు ఒకసారి వెళ్తుంది, ఒకసారి వెళ్లదు. మీటర్‌ని బీప్ శబ్దం మీద పెట్టి వైరు రెండు చివరలా మొనలు పెట్టి కాస్త కదిపితే బీప్ తెగి తెగి వస్తుంది. అది కోసేసి కొత్త టెర్మినల్ వేయడమే. టెర్మినల్ సైజు కూడా చూసుకోండి: జపాన్ కంపెనీ సాన్వా తరహా బటన్లకి 2.8 మిల్లీమీటర్లది, అడుగున మైక్రోస్విచ్ (టిక్కుమనే చిన్న స్విచ్) బిగించే అమెరికా తరహా బటన్లకి ఎక్కువగా 4.8ది. పెద్దది తెచ్చి చిన్నదానికి ఎక్కిస్తే ఊగుతూనే ఉంటుంది. సైజు సరైనదే కానీ వదులైందంటే నోస్ ప్లయర్‌తో మెల్లగా నొక్కితే సరిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో టెర్మినల్ మీద పచ్చగా చిలుము పడుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

బటన్ ముట్టుకోకుండానే నొక్కినట్టు చూపిస్తే వైరు తప్పు కాలికి తగిలించారేమో చూడండి. మైక్రోస్విచ్‌కి మూడు కాళ్లు ఉంటాయి, మీకు కావలసినవి సీవోఎం (రెండిటికీ ఉమ్మడిది), ఎన్‌వో (నొక్కితేనే కలిసేది). ఎన్‌సీకి (నొక్కనప్పుడు కలిసి ఉండేది) తగిలిస్తే అంతా తిరగబడుతుంది. ఒక బటన్ దానంతటదే టకటకా కొడుతుంటే బోర్డులో టర్బో మోడో ఆటో మోడో పొరపాటున ఆన్ అయింది, కేబుల్ ఒకసారి పీకి పెట్టండి. స్టిక్ పైకి అంటే కిందికి వెళ్తోందా? నాలుగు మైక్రోస్విచ్‌ల స్టిక్‌లో పైకి నెడితే నొక్కుకునేది అడుగునున్న స్విచ్, కుడికి నెడితే ఎడమది. చాలామంది కొత్తవాళ్లు వైర్లు తారుమారుగా పెట్టేది ఇక్కడే. బటన్లన్నీ బాగుండి స్టిక్ ఒక్కటే కదలకపోతే కొన్ని బోర్డుల్లో మోడ్ బటన్ నొక్కాలి, లేదా అయిదు పిన్నుల కనెక్టర్ తిరగేసి పెట్టి ఉంటారు.

టెస్ట్‌లో బాగుంది, గేమ్‌లో లేదు

జాయ్ డాట్ సీపీఎల్‌లో అన్నీ వెలుగుతుంటే స్క్రూ డ్రైవర్ పక్కన పెట్టేయండి. కొత్త పీసీ గేమ్‌లలో చాలావాటికి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ భాష, అంటే ఎక్స్‌ఇన్‌పుట్ మాత్రమే తెలుసు. జీరో డిలే మాట్లాడేది పాత డైరెక్ట్‌ఇన్‌పుట్. స్టీమ్‌లో స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేసి ఒక్కసారి బటన్లు సెట్ చేసుకుంటే ఆ తేడా అది చూసుకుంటుంది. పాత ఆర్కేడ్ గేమ్‌లు ఆడించే మేమ్ ప్రోగ్రామ్‌లో అయితే ట్యాబ్ కీ నొక్కి ఇన్‌పుట్ మెనూలో పెట్టుకోవాలి. స్టిక్ కదిపితే డెస్క్‌టాప్ మీద మౌస్ బాణం కదులుతోందంటే వెనక స్టీమ్ నడుస్తోంది, మూసేయండి.

ఒకే రకం బోర్డులు రెండు పెట్టినవాళ్లకి రీస్టార్ట్ అయ్యాక మొదటి ప్లేయర్ రెండో ప్లేయర్ అయిపోతుంటాడు, రెండు బోర్డుల ఐడీ ఒకటే కాబట్టి. ఏ బోర్డు ఏ పోర్ట్‌లో ఉందో మార్కర్‌తో రాసి, ఎప్పుడూ అక్కడే పెట్టండి. అప్పటికీ మారుతుంటే రెండో బోర్డు వేరే మోడల్‌ది తెచ్చుకోవడం మేలు. జీపీ2040-సీఈ వాళ్లు స్టార్ట్ నొక్కి పట్టుకుని కేబుల్ పెట్టి, బ్రౌజర్‌లో 192.168.7.1 తెరిస్తే ఎక్స్‌ఇన్‌పుట్ లాంటి మోడ్ అక్కడే మార్చుకోవచ్చు.

ఇవన్నీ చూశాక కూడా ఒట్టి బోర్డు, మంచి కేబుల్, వేరే కంప్యూటర్, మూడూ కలిపినా గుర్తుపట్టకపోతే బోర్డు పోయిందనే. అప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా అదే కనెక్టర్లు ఉన్నది తీసుకుంటే పాత వైర్లే తగిలించుకోవచ్చు, ఇందాక తీసుకున్న ఫొటో పక్కన పెట్టుకుని.