ఆక్టీన్ నుంచి నోనానల్: నాకు పనిచేసిన పద్ధతి

నెల్లూరులో మా ల్యాబ్‌లో రోడియం ఉత్ప్రేరకంతో 1-ఆక్టీన్‌ని హైడ్రోఫార్మైలేషన్ (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ చేర్చి ఆల్డిహైడ్‌గా మార్చడం) చేస్తుంటే, నాకు కావలసిన తిన్నని గొలుసు నోనానల్ బదులు సగానికి సగం కొమ్మ ఉన్న ఆల్డిహైడే వచ్చేది. వేడి తగ్గించాను, రోడియం పెంచాను, గ్యాస్ సిలిండర్ మార్చాను: లాభం లేదు.

తేడా ఆక్టీన్ సీసాలోనే ఉంది. ఎప్పుడో మూత తీసినది. తడిపిన స్టార్చ్-అయొడైడ్ కాగితం మీద చుక్క వేస్తే నీలం తిరిగింది. అంటే గాలి తగిలి పుట్టిన పెరాక్సైడ్. నోనానల్ ఎక్కువ రావడానికి రోడియంతో పాటు వేసే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్‌ని అది ఆక్సైడ్‌గా మార్చేస్తుంది, రోడియంకి లిగాండ్ (లోహానికి అతుక్కునే అణువు) మిగలదు.

ముందు ఆక్టీన్‌ని బేసిక్ అల్యూమినా కాలమ్‌లోంచి దించాను. కాగితం తెల్లగా ఉండేదాకా చూశాను. వెంటనే అరగంట నైట్రోజన్ పంపాను. తర్వాత ఇథనాల్‌లో స్ఫటికీకరించి ఆరబెట్టిన ఫాస్ఫీన్, రోడియంకి 50 రెట్లు మోల్స్‌లో. రోడియం ఆ తర్వాతే. ఆఖరున సిన్‌గ్యాస్ (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమం), 90 డిగ్రీల సెల్సియస్. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, డిటెక్టర్ లేకుండా దయచేసి చేయొద్దు. ఈసారి ఆల్డిహైడ్‌లో నాలుగింట మూడు వంతులు నోనానలే!

మూడుసార్లు ఇలాగే వచ్చింది. 1938లో ఈ చర్యని కనుగొన్న ఒట్టో రోలెన్ వాడినట్టు ఫాస్ఫీన్ లేని కోబాల్ట్‌తో చేసేవాళ్లకి మాత్రం ఇది వర్తిస్తుందని చెప్పలేను.